నేవీ పెద్దాయనలకు స్టార్‌బక్స్ కాఫీ ఎందుకు ఎక్కదు?

అమెరికా నేవీలో ఇరవై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి దగ్గర కాఫీ షాపుల ఊసెత్తితే చాలు, వరసగా మూడు ఫిర్యాదులు వస్తాయి. అది కాఫీ కాదు, పాలూ పంచదారా అన్నది మొదటిది. కప్పుకి ఐదారు డాలర్లా, దోపిడీ కాకపోతే, అన్నది రెండోది. మూడోది కాస్త గర్వంగా వస్తుంది: మా ఓడలో కాఫీ తాగినవాడికి ఇవన్నీ రంగునీళ్ళే.

సియాటెల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి ఈ మాటలు చెవిన పడే అవకాశం ఎక్కువ. స్టార్‌బక్స్ పుట్టిన ఊరు అదే. ఫెర్రీ ఎక్కి గంట ప్రయాణం చేస్తే అవతలి ఒడ్డున బ్రెమర్టన్ వస్తుంది. అక్కడ అమెరికా నేవీ మరమ్మతుల యార్డు ఉంది, విమాన వాహక నౌకలు ఆగే రేవు ఉంది, నేవీలో పనిచేసి అక్కడే స్థిరపడ్డ కుటుంబాలు ఉన్నాయి. ఒకే సముద్రపు పాయకి ఈ గట్టున ఆ కాఫీ, ఆ గట్టున ఈ కాఫీ. రెండు వైపుల వాదనా విన్నవాళ్ళకి ఏది నిజమో తేల్చుకోవడం కష్టం, ఎందుకంటే ఘాటు, చేదు, కెఫీన్, డబ్బు, రాజకీయం అన్నీ ఇందులో కలగాపులగం అయిపోయాయి. విడదీసి చూస్తే కొన్ని ఫిర్యాదులు నిలబడతాయి. కొన్ని తిరగబడతాయి.

మందు పోయి కాఫీ వచ్చిందా?

నేవీ కాఫీ కథ చెప్పేవాళ్ళలో చాలామంది 1914 దగ్గర మొదలుపెడతారు. ఆ ఏడు జూన్ 1న నేవీ మంత్రి జోసెఫస్ డేనియల్స్ 99వ నంబరు జనరల్ ఆర్డర్ జారీ చేశాడు. జూలై 1 నుంచి నేవీ ఓడల్లోనూ యార్డుల్లోనూ మద్యం కనబడకూడదు. మందు పోయిన కసిలో నావికులు కాఫీ మీద పడ్డారని, అమెరికన్లు కాఫీని ‘జో’ అనడం కూడా ఈ జోసెఫస్ మీద వెటకారంతోనే మొదలైందని చెప్పుకుంటారు.

వినడానికి బాగుంటుంది గానీ తేదీలు కలవవు. మామూలు నావికుడికి రోజూ కొలిచి పోసే మద్యం 1862 సెప్టెంబరు 1తోనే ఆగిపోయింది. 1914లో డేనియల్స్ తీయించేసింది ఆఫీసర్ల భోజనాల బల్ల మీది వైను. డెక్కు కడిగే కుర్రాడికి కొత్తగా పోయిందేమీ లేదు, వాళ్ళకి అప్పటికే యాభై ఏళ్ళుగా మందు లేదు. పైగా 1842 నాటి రేషన్ చట్టంలోనే నావికుడికి టీ గానీ కాఫీ గానీ కోకో గానీ ఇవ్వాలని ఉంది. సైన్యంలో ఇంకా ముందే, 1832లో, మందుకి బదులు కాఫీ, పంచదార ఇవ్వడం మొదలైంది. డేనియల్స్ ఆర్డరుకి ముందే కాఫీ ఓడ సరుకుల్లో పాత కాపు.

దీన్ని గర్వంగా మార్చింది రెండో ప్రపంచ యుద్ధం అనిపిస్తుంది నాకు. 1942 నవంబరు 29 నుంచి అమెరికాలో మామూలు జనానికి కాఫీ రేషన్ పెట్టారు. పెద్దవాళ్ళకి తలా ఐదు వారాలకి ఒక పౌను, అంటే అరకిలోకి కాస్త తక్కువ. 1943 జూలై దాకా అది నడిచింది. ఆ ఎనిమిది నెలలూ ఇళ్ళలో ఆడవాళ్ళు వాడిన పొడినే మళ్ళీ మరిగిస్తుంటే, సైన్యానికీ నేవీకీ మాత్రం ముందు వాటా వెళ్ళింది. ఓడలో కాఫీ అంటే అడగక్కర్లేనిది, లెక్కపెట్టనిది, ఎప్పుడూ ఉండేది అనే అలవాటు అప్పుడు గట్టిపడింది. తర్వాత కొరియాకి, వియత్నాంకి, గల్ఫ్‌కి వెళ్ళిన తరాలకి అదే అలవాటు వారసత్వంగా అందింది.

ఆ కాఫీ ఎలా ఉండేది

రాత్రి పన్నెండు నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా నడిచే డ్యూటీని మిడ్ వాచ్ అంటారు. పదకొండున్నరకి నిద్ర లేపుతారు. మెట్లు దిగి మెస్సులోకి వెళితే కుళాయి ఉన్న పెద్ద స్టీలు పాత్రలో కాఫీ వేడిగా ఉంటుంది. అది ఎప్పుడు కాచిందో ఎవరికీ తెలియదు. తొమ్మిదింటికి కాచి ఉండొచ్చు, ఏడింటికి కాచి ఉండొచ్చు. కప్పు పట్టుకుని నిచ్చెన లాంటి ఇనప మెట్లెక్కి పైన బ్రిడ్జికి, అంటే ఓడని నడిపే గదికి, చేరాలి. బయట చీకట్లో దూరపు దీపాలు కనబడాలి కాబట్టి అక్కడ లైట్లు ఉండవు, ఉన్నా మసక ఎరుపు. కప్పులో ఏముందో, ఎంత మిగిలిందో కళ్ళతో కాదు, చేత్తో తూచుకోవాలి. మూడింటికి కళ్ళు మూతపడుతుంటే రెండో కప్పు కోసం మళ్ళీ ఎవరో ఒక కుర్రాడు కిందకి దిగుతాడు. ఈసారి వచ్చేది మరింత చిక్కన, మరింత పులుపు, అడుగున కాస్త మడ్డి.

ఈ రుచికి కారణాలు ఒక్కొక్కటీ చెప్పుకోవచ్చు.

మొదటిది పొడి. మంచి కాఫీ షాపుల వాళ్ళు లీటరు నీళ్ళకి సుమారు 55 గ్రాముల పొడి అని లెక్క చెబుతారు. ఓడలో గరిటెలతో, గుప్పిళ్ళతో వేసేవాడికి ఆ లెక్కతో పనిలేదు. సముద్రం ఎగిసిపడుతుంటే కొలత చూసేదెవరు? చాలాసార్లు ఆ పని చేసేది ఓడలో అందరికన్నా చిన్నవాడు. పలచగా చేస్తే తిట్లు పడతాయని వాడికి తెలుసు, చిక్కగా చేస్తే ఎవరూ ఏమనరు. ఇక ఆ పొడి ప్రభుత్వం టోకున కొన్న డబ్బా కాఫీ. 1950ల తర్వాత అమెరికన్ డబ్బా కాఫీల్లో చవకైన రోబస్టా గింజల వాటా పెరిగింది. అరబికా గింజలో కెఫీన్ సుమారు 1.2 శాతం ఉంటే రోబస్టాలో 2.2 శాతం దాకా ఉంటుంది. చేదు కూడా ఆ మేరకు ఎక్కువే.

రెండోది గంటల తరబడి కాగడం, అసలు దోషి ఇదే. కాఫీ గింజలో క్లోరోజెనిక్ ఆమ్లాలు అనేవి ఉంటాయి. వేయించినప్పుడు వాటిలో కొంత భాగం రూపం మారుతుంది. తీసిన డికాషన్‌ని మంట మీద గంటల తరబడి ఉంచితే ఆ పదార్థాలు ఇంకా విరిగిపోయి క్వినిక్ ఆమ్లం పెరుగుతుంది. నాలుక మీద గరగరగా, పుల్లగా, ఇనుము నాకినట్టు అనిపించేది చాలావరకు దానివల్లే. ఈలోగా మంచి వాసనలిచ్చే నూనెలు ఎగిరిపోతాయి. అంటే మధ్యరాత్రి కాఫీకి ఆ ‘పవర్’ రుచి వచ్చింది కెఫీన్ వల్ల కాదు, పాడవడం వల్ల. నాలుగు గంటలు కాగినా కెఫీన్ పెరగదు. నీళ్ళు ఆవిరై చిక్కబడితే కప్పుకి కాస్త ఎక్కువ పడుతుంది, అంతే.

మూడోది నీళ్ళు. ఓడలో తాగే నీళ్ళు సముద్రం నుంచే వస్తాయి. పూర్వం బట్టీ పట్టేవారు, ఇప్పుడు రివర్స్ ఆస్మోసిస్ యంత్రాలు ఎక్కువ. అలా తీసిన నీళ్ళలో ఖనిజాలు దాదాపు ఉండవు. కాఫీ రుచి సరిగ్గా దిగాలంటే నీళ్ళలో కాస్త కాల్షియం, మెగ్నీషియం ఉండాలని కాఫీ పరిశోధకులు చెబుతారు. దానికితోడు క్రిములు చావడానికి క్లోరిన్ గానీ బ్రోమిన్ గానీ కలుపుతారు. విమాన వాహక నౌకల్లో పనిచేసినవాళ్ళు మా నీళ్ళలో జెట్ ఇంధనం కూడా ఉచితం అని జోకేస్తారు. అది ఉత్త జోకేం కాదు. 2022 సెప్టెంబరులో యూఎస్‌ఎస్ నిమిట్జ్ తాగునీళ్ళలో నిజంగానే జేపీ-5 అనే విమాన ఇంధనం ఆనవాళ్ళు బయటపడ్డాయి.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఉప్పు సంగతి. కాఫీలో చిటికెడు ఉప్పు వేయడం పాత నేవీ వంటవాళ్ళ చిట్కా. బట్టీ పట్టిన నీళ్ళలో ఉప్పు కాస్త మిగిలిపోయేదని, ఆ రుచికి అలవాటుపడి ఒడ్డున కూడా వేసుకోవడం మొదలుపెట్టారని కొందరు చెబుతారు. పుట్టుక ఎలా ఉన్నా చిట్కా పనిచేస్తుంది. సోడియం లవణాలు నాలుక మీద చేదుని అణిచేసి మిగతా రుచుల్ని పైకి తెస్తాయని ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రం వాళ్ళు 1997లో చూపించారు. ఉప్పు రుచి తెలియనంత తక్కువ వేయాలి, అది గుర్తుండాలి. కావాలంటే ఇంట్లో మాడిన డికాషన్ మీద ప్రయోగించి చూడండి.

నాలుగోది కప్పు. దీన్ని గురించి చెప్పకుండా నేవీ కాఫీ గురించి రాయడం కుదరదు. చీఫ్ పెట్టీ ఆఫీసర్లు, అంటే కింది నుంచి పదేళ్ళు పన్నెండేళ్ళు పనిచేసి పైకొచ్చిన సీనియర్లు, తమ కాఫీ మగ్గుని సబ్బుతో కడగరు. నీళ్ళతో ఒకసారి తొలిపి కొక్కేనికి తగిలించేస్తారు. లోపల పొర మీద పొర పేరుకుని గోధుమ రంగు పోయి నల్లబడుతుంది. ఆ నలుపే సర్వీసు లెక్క. మన ఇళ్ళలో నాన్నమ్మ దోసె పెనాన్ని కొత్త కోడలు సబ్బేసి తోమితే ఏమవుతుందో, కొత్తగా చేరిన కుర్రాడు మంచి చేద్దామని చీఫ్ మగ్గుని తళతళలాడేలా తోమితే అదే అవుతుంది. దాదాపు ప్రతి ఓడలోనూ ఇలాంటి కథ ఒకటి వినబడుతుంది, అన్నిట్లోనూ ఆ కుర్రాడి గతి ఒకటే. శాస్త్రం మాత్రం చీఫ్ వైపు లేదు. కాఫీ నూనెలు గాలి తగిలితే ముక్కిపోతాయి, ఆ పొర తర్వాతి కప్పుని ఇంకాస్త చేదు చేస్తుంది. ఆ సంగతి చీఫ్‌లకి తెలియక కాదు. ఆ మగ్గు రుచి కోసం పెట్టుకున్నది అయితే కదా.

అసలు ఏది స్ట్రాంగ్?

ఇక్కడే వాదన తిరగబడుతుంది. స్టార్‌బక్స్‌లో పైక్ ప్లేస్ అనే మామూలు బ్లాక్ కాఫీని 16 ఔన్సుల (దాదాపు అరలీటరు) కప్పులో తీసుకుంటే అందులో సుమారు 310 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఇళ్ళలో కాచే అమెరికన్ కాఫీ 8 ఔన్సుల కప్పుకి సగటున 95 ప్రాంతం. ఓడ కాఫీ దానికి ఒకటిన్నర రెట్లు చిక్కన అనుకున్నా, ఆ స్టార్‌బక్స్ కప్పుకి సమానం కావాలంటే రెండు కప్పులు దాటాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజుకి 400 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అంటుంది. అంటే రంగునీళ్ళు అని తీసిపారేసిన ఆ షాపులో ఒక్క కప్పుతోనే రోజు కోటాలో ముప్పాతిక అయిపోతుంది.

మరి నీళ్ళలా ఉందని ఎందుకంటారు? వాళ్ళు తాగింది బ్లాక్ కాఫీ కాదు కాబట్టి. కూతురో మనవరాలో ఇప్పించింది లాటే. 16 ఔన్సుల లాటేలో రెండు షాట్ల ఎస్ప్రెస్సో అనే చిక్కటి డికాషన్, మిగతాదంతా పాలు. కెఫీన్ 150 మిల్లీగ్రాములు. దాని మీద వనిల్లా సిరప్, నురగ. ఓడలో బయల్దేరిన కొద్ది రోజులకే తాజా పాలు అయిపోతే పాలపొడితోనో బ్లాక్‌తోనో సరిపెట్టుకున్న మనిషికి ఇది వేరే పదార్థం. ఆ విషయంలో పెద్దాయన మాట నూటికి నూరుపాళ్ళు సరైనదే. పాలు కలపని కాఫీని, మూడొంతులు పాలున్న దాన్ని ఒకే పేరుతో పోల్చడమే తప్పు.

సరదా ఏమిటంటే బ్లాక్ తాగినవాళ్ళు దీనికి సరిగ్గా ఎదురు ఫిర్యాదు చేస్తారు: గింజలు మాడ్చేశారు, బొగ్గు రుచి వస్తోంది అని. దానికో ముద్దుపేరు కూడా ఉంది, చార్‌బక్స్ (చార్ అంటే మాడ్చడం). ఈ ఫిర్యాదు కంపెనీకి చేరనిదేం కాదు. 2008లో కాస్త మెత్తటి పైక్ ప్లేస్, 2012లో ఇంకా లేత వేపుడు బ్లాండ్ తెచ్చారు. గింజని ఎక్కువ వేయిస్తే కెఫీన్ పెరుగుతుందని చాలామంది నమ్మకం, అది నిజం కాదు. 16 ఔన్సుల బ్లాండ్‌లో కెఫీన్ పైక్ ప్లేస్ కన్నా ఎక్కువే ఉంటుంది. నాలుకకి లేతగా తగిలేది నరాలకి గట్టిగా తగులుతుంది.

స్టార్‌బక్స్ చరిత్ర తెలిస్తే ఈ పేచీ ఇంకా వింతగా ఉంటుంది. 1971లో సియాటెల్‌లో తెరిచినప్పుడు అది కాఫీ అమ్మే షాపు కాదు, వేయించిన గింజలు అమ్మే షాపు. సూపర్ మార్కెట్ డబ్బా కాఫీ తాగలేక, మంచి గింజలు నల్లగా వేయించి అమ్మాలని ముగ్గురు స్నేహితులు పెట్టుకున్నది. పేరు పాత తిమింగలాల వేట నవలలో ఓడ మీది ఆఫీసరుది, బొమ్మ సముద్రపు జలకన్యది. అంటే నేవీ మెస్సుల్లో కాగింది ఏ డబ్బా కాఫీయో, ఆ డబ్బా కాఫీ మీద విసుగుతో పుట్టిన షాపు అది. లాటేలు, సోఫాలు, పాటలు తర్వాతి సంగతి. హోవర్డ్ షుల్ట్జ్ 1983లో ఇటలీ వెళ్ళి అక్కడి ఎస్ప్రెస్సో బార్లు చూసొచ్చాక పట్టుబట్టి, చివరికి 1987లో కంపెనీనే కొనేసి తెచ్చిన మార్పులవి.

అదే 1971లో అమెరికా నేవీలోకి ట్రెంటన్ అనే పెద్ద ఓడ వచ్చింది. 36 ఏళ్ళు అక్కడి కాఫీ మోసి 2007లో భారత నౌకాదళం చేతికొచ్చింది. ఇప్పుడది ఐఎన్‌ఎస్ జలాశ్వ, విశాఖపట్నమే దాని రేవు. దాంతో ఈ వాదన తేలదు గానీ, వైజాగ్ వాళ్ళకి తెలిస్తే బాగుంటుందని చెప్పాను.

డబ్బు, క్యూ, కప్పు మీద పేరు

రుచి లెక్క తేలాక కూడా ఫిర్యాదు పోదు. పోకపోవడానికి కారణం, అది మొదటి నుంచీ రుచి గురించి సగమే.

ఓడలో సిబ్బంది మెస్సులో కాఫీకి డబ్బుల్లేవు. చీఫ్‌ల మెస్సులో, ఆఫీసర్ల వార్డ్‌రూమ్‌లో తలా ఇంత చందా వేసుకుంటారు, ఆ తర్వాత ఎన్ని కప్పులన్నది ఎవరూ అడగరు. ఏం కావాలి అని కూడా ఎవరూ అడగరు, ఉన్నది ఒకటే. కెప్టెన్ తాగేదీ ఇంజను గదిలో చెమటోడ్చేవాడు తాగేదీ ఇంచుమించు ఒకటే కాఫీ. కాఫీ షాపు అమ్మేది సరిగ్గా దీనికి వ్యతిరేకమైన సరుకు: ఎంపిక. పాలు ఏ రకం, సిరప్ ఎన్ని పంపులు, నురగ ఎంత, అన్నిటికన్నా చిన్నగా కనిపించే సైజు పేరు ‘టాల్’ ఎందుకు. ఇన్ని ప్రశ్నలకి జవాబు చెప్పి, పేరు చెప్పి, కప్పు మీద ఆ పేరు తప్పుగా రాయించుకుని, పక్కకి జరిగి నిలబడాలి. ఓడలో కొక్కేనికి వేలాడే మగ్గుని చూసి మనిషిని గుర్తుపట్టేవారు. ఇక్కడ మనిషిని పేరు అడిగి కప్పు ఇస్తారు. ఇరవై ఏళ్ళు మొదటి పద్ధతిలో బతికినవాడికి రెండోది చిరాకు తెప్పిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

నల్ల కాఫీకి ఇంకో పని ఉండేది. కొత్తగా చేరినవాడు పాలు, పంచదార దండిగా వేసుకుంటే నవ్వేవాళ్ళు. మెల్లగా పంచదార మానేసి, పాలు మానేసి, మొహం చిట్లించకుండా తాగడం నేర్చుకుంటే మనలో ఒకడయ్యాడని లెక్క. కష్టపడి అలవాటు చేసుకున్న చేదుని జనం తేలిగ్గా వదులుకోరు. దాన్ని కారమెల్ పోసి తియ్యగా చేసి ఎవడికిబడితే వాడికి అమ్మితే, తాను పరీక్ష రాసి పాసైన చోట పక్కవాడు నడుచుకుంటూ లోపలికి వచ్చేసినట్టు ఉంటుంది.

ఆపైన రాజకీయం. 2004లో మెరీన్ అనే సైనిక దళంలోని ఒక సార్జెంట్ రాసిన ఈమెయిల్ అమెరికా అంతా తిరిగింది. ఇరాక్ యుద్ధానికి తాము వ్యతిరేకమని, అందుకే సైనికులకి కాఫీ పంపబోమని స్టార్‌బక్స్ చెప్పిందని అందులో ఉంది. అది నిజం కాదు. రాసినాయనే కొన్ని నెలల తర్వాత పొరపాటు పడ్డానని క్షమాపణ చెబుతూ ఇంకో ఈమెయిల్ పెట్టాడు. మొదటి ఈమెయిల్ వెళ్ళినంత దూరం రెండోది వెళ్ళలేదు, ఎప్పుడూ వెళ్ళదు కదా. మాజీ రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ 2012లో కంపెనీ బోర్డులో చేరినా, 2013లో పదివేల మంది మాజీ సైనికుల్నీ వాళ్ళ జీవిత భాగస్వాముల్నీ ఉద్యోగాల్లోకి తీసుకుంటామని ప్రకటించినా ఆ మచ్చ పూర్తిగా పోలేదు. 2017 జనవరిలో పదివేల మంది శరణార్థులకి ఉద్యోగాలిస్తామని స్టార్‌బక్స్ అంటే, సైన్యం నుంచి వచ్చినవాళ్ళు 2014లో పెట్టిన బ్లాక్ రైఫిల్ కాఫీ కంపెనీ, మేము పదివేల మంది మాజీ సైనికులకి ఇస్తామంది. కాఫీ కప్పు పార్టీ జెండా అయిపోయింది. ఆ బ్లాక్ రైఫిల్ వాళ్ళు కూడా డబ్బాల్లో తియ్యటి మోకా అమ్ముతారు, ఆ మాట మాత్రం వాదనల్లో ఎవరూ ఎత్తరు.

మాజీ నావికులంతా ఒక్క మాట మీద ఉన్నారనీ అనుకోవద్దు. 2000 తర్వాత చేరినవాళ్ళు పెరిగిందే కాఫీ షాపుల మధ్య. ఇప్పుడు పెద్ద విమాన వాహక నౌకల్లో ఎస్ప్రెస్సో కౌంటర్లు ఉన్నాయి. వాటిని నడిపే ఓడ స్టోరు లాభాలు సిబ్బంది వినోదాల నిధికి వెళతాయి కాబట్టి పైవాళ్ళకీ అభ్యంతరం లేదు. ఇక ఇంకా కుర్రవాళ్ళు కాఫీ జోలికే పోకుండా ఎనర్జీ డ్రింకులు ఎత్తుతున్నారు. 2010లో అఫ్ఘానిస్తాన్‌లో ఉన్న అమెరికన్ సైనికుల్ని, మెరీన్లని అడిగితే దాదాపు 45 శాతం మంది రోజుకి ఒకటైనా తాగుతున్నామన్నారు. రోజుకి మూడు, అంతకన్నా ఎక్కువ తాగేవాళ్ళలో నాలుగు గంటలకి మించి నిద్రలేనివాళ్ళ శాతం మిగతావాళ్ళ కన్నా ఎక్కువ.

నిద్ర సంగతి

ఈ గొడవలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేదీ, అందరూ తక్కువ మాట్లాడేదీ ఇదే. ఓడలో అంత కాఫీ ఎందుకు తాగాల్సొచ్చింది?

నేవీలో ‘ఫైవ్ అండ్ డైమ్స్’ అని ఒక డ్యూటీ పద్ధతి ఉండేది. ఐదు గంటలు వాచ్, పది గంటలు విరామం. విరామం అంటే పడక కాదు, ఆ పదింట్లోనే మామూలు పని, డ్రిల్లులు, శుభ్రం చేయడం, తిండి. ఐదూ పదీ పదిహేను. రోజుకి ఇరవై నాలుగు గంటలు. అంటే ఇవాళ రాత్రి పడుకున్న వేళకి రేపు డ్యూటీ ఉంటుంది, ఒంటి గడియారం ఎప్పటికీ కుదుటపడదు. జలాంతర్గాముల్లో అయితే రోజునే పద్దెనిమిది గంటలు చేసి పారేశారు: ఆరు గంటలు వాచ్, పన్నెండు గంటలు మిగతావి. దశాబ్దాల పాటు అలాగే నడిచింది.

మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతున్నకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ చేసేది అది అంటుకునే చోట అడ్డంగా కూర్చోవడం. అడినోసిన్ ఎక్కడికీ పోదు, పోగవుతూనే ఉంటుంది. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి, మూడింటికి తాగిన కప్పు నాలుగింటికి పడుకోబోయేవాడి నిద్రని కూడా పాడుచేస్తుంది. దాంతో తర్వాతి వాచ్‌కి ఇంకో కప్పు ఎక్కువ కావాలి.

2017 జూన్ 17న రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో, సరిగ్గా మిడ్ వాచ్‌లో, జపాన్ దగ్గర యూఎస్‌ఎస్ ఫిట్జ్‌గెరాల్డ్ ఒక సరుకుల ఓడని ఢీకొంది. ఏడుగురు నావికులు చనిపోయారు. రెండు నెలలకి ఆగస్టు 21న తెల్లవారుజామున సింగపూర్ దగ్గర యూఎస్‌ఎస్ జాన్ ఎస్. మెకెయిన్ ఒక ట్యాంకరుని ఢీకొంది. పదిమంది పోయారు. విచారణల్లో శిక్షణ లోపాలు, అజమాయిషీ లోపాలు ఎన్నో బయటపడ్డాయి, వాటితోపాటు అలసట పేరు కూడా వచ్చింది. కొందరు నావికులు వారానికి వంద గంటలకు పైగా పనిచేస్తున్నారని ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఆ సెప్టెంబరులో కాంగ్రెస్‌కి చెప్పింది. మాంటెరేలోని నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్ వాళ్ళు చాలా ఏళ్ళుగా చెబుతున్నది ఇదే: రోజూ ఒకే వేళకి వాచ్, ఒకే వేళకి నిద్ర ఉండేలా పట్టిక వేయండి అని. ఆ ప్రమాదాల తర్వాత ఓడల్లో ఆ పద్ధతి పెట్టాలని నేవీ ఆదేశించింది. జలాంతర్గాములు అంతకు ముందే ఇరవై నాలుగు గంటల రోజుకి మారడం మొదలుపెట్టాయి.

అందుకే మా కాఫీ స్ట్రాంగ్ అనే గర్వం విన్నప్పుడు నాకు సగం ముచ్చటేస్తుంది, సగం కోపం వస్తుంది. కోపం ఆ పెద్దాయన మీద కాదు. నలుగురి పని ఇద్దరితో చేయించి, మిగతా ఇద్దరి స్థానంలో ఒక స్టీలు పాత్ర పెట్టిన లెక్క మీద. చాలామంది మాజీ నావికులు కూడా రెండో కప్పు దగ్గర ఈ మాట ఒప్పుకుంటారు. కాఫీ బాగుండి తాగామా, కళ్ళు తెరుచుకుని ఉండాలని తాగాం అంటారు.

మరి ఏం ఇప్పించాలి?

మీ పక్కింటాయనో, అల్లుడి తరఫు తాతగారో నేవీలో చేసి ఉంటే, కాఫీకి తీసుకెళ్ళేటప్పుడు లాటే జోలికి పోకండి. ‘బ్రూడ్ కాఫీ, బ్లాక్’ అనండి. బోర్డు మీద ఉండకపోవచ్చు గానీ 8 ఔన్సుల ‘షార్ట్’ సైజు అడిగితే ఇస్తారు. అది ఓడ కప్పుకి దగ్గర. నల్లగా మాడిన రుచి కావాలంటే డార్క్ రోస్ట్, మాటల్లో గెలవాలంటే బ్లాండ్. తాగాక అందులో కెఫీన్ ఎంతుందో చెప్పొచ్చు. బీపీ మందులు వాడుతుంటే, మధ్యాహ్నం దాటితే డికాఫ్, అంటే కెఫీన్ తీసేసిన కాఫీ, అడగండి, అయితే ఆ సంగతి ఆయనకి చెప్పకపోవడమే మంచిది.

డబ్బు ఫిర్యాదుకి కూడా ఇప్పుడు సగం జవాబుంది. 2025 జనవరి చివర నుంచి అమెరికా స్టార్‌బక్స్‌లలో కూర్చుని తాగేవాళ్ళకి పింగాణీ మగ్గులో పోసి, బ్రూడ్ కాఫీ ఎన్నిసార్లయినా ఉచితంగా నింపుతున్నారు. పాలు, పంచదార మనమే కలుపుకునే బల్ల కూడా మళ్ళీ పెట్టారు. ఇంటి నుంచి సొంత మగ్గు తెచ్చుకున్నా పోస్తారు. ఒక్క షరతు, ఆ మగ్గు శుభ్రంగా కడిగి ఉండాలట.